రూపకల్పన ప్రాజెక్టు ప్రారంభ సమావేశం

రూపకల్పన ప్రాజెక్టు ప్రారంభ సమావేశం అనగా ఒక వస్తువును, కట్టడాన్ని, యంత్రాన్ని, లిపిని లేదా సేవను కొత్తగా రూపొందించే పని మొదలయ్యేటప్పుడు, ఆ పనిలో పాలుపంచుకొనే వేర్వేరు విభాగాల వారందరూ మొదటిసారిగా కలిసి కూర్చొనే సమావేశం. దీనినే కిక్-ఆఫ్ మీటింగ్ అని కూడా అంటారు. ఈ సమావేశంలో రూపకల్పన జరగదు. ఏమి రూపొందించాలి, ఎవరి కోసం, ఎంత గడువులో, ఎంత ఖర్చులో, ఏ విషయంలో ఎవరి మాట చివరిది అన్నవి ఇక్కడ తేలుతాయి. అంతకంటె ముఖ్యంగా, పనికి అవసరమైన జ్ఞానం ఎవరి వద్ద ఉన్నదో, వారు ఆ గదిలో ఉన్నారో లేదో ఇక్కడే బయటపడాలి.

ఈ వ్యాసంలో సమావేశాన్ని సిద్ధం చేసే పద్ధతితో పాటు తెలంగాణకు సంబంధించిన రెండు రూపకల్పనలు వివరించబడినవి. ఒకటి ఆదిలాబాద్ జిల్లాలో వెలుగు చూసిన గుంజాల గోండి లిపిని కంప్యూటర్‌కు ఎక్కించిన పని. రెండవది హైదరాబాదులో తొలి నమూనా తయారైన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం.

పేరు

కిక్-ఆఫ్ అన్నది ఫుట్‌బాల్ ఆట నుండి వచ్చిన మాట. మైదానం నడుమ ఉంచిన బంతిని తన్ని ఆట మొదలుపెట్టడాన్ని అలా అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన పదం లేదు. కొందరు ప్రారంభోత్సవం అని అనువదిస్తారు గాని అది సరికాదు. ప్రారంభోత్సవం, శంకుస్థాపన అన్నవి వేడుకలు. వాటిలో అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. ఇక్కడ నిర్ణయాలు ఇంకా కావలసి ఉంటాయి. మనకు తెలిసిన పోలిక కావాలంటే లగ్నపత్రిక రాసుకొనే రోజును చెప్పుకోవచ్చు. ఇరువైపుల పెద్దలూ కూర్చొని, ఇచ్చిపుచ్చుకోవడాలు, తేదీలు, ఎవరి బాధ్యత ఏది అన్నవి మాట్లాడుకొని కాగితం మీద పెడతారు. ఆ రోజు మొహమాటపడి అడగని మాట పెళ్ళి పందిట్లో తగవుగా మారుతుంది.

వృత్తి, చదువు, విభాగం వేరైనప్పటికీ ఒకే ఫలితానికి బాధ్యులైన వారి సమూహాన్ని బహుళ విభాగ బృందం అంటారు. ఇంజనీరు, చిత్రకారుడు, గుమస్తా, న్యాయవాది, వాడకందారు అందరూ ఇందులో ఉండవచ్చు.

ఎందుకు అవసరం

ఒకే విభాగం వారు పని చేసేటప్పుడు చెప్పనవసరం లేని విషయాలు చాలా ఉంటాయి. వారందరికీ అవి ముందే తెలుసు. వేరే విభాగం వారు కలిసినప్పుడు ఆ చెప్పని విషయాలే ప్రమాదకరమవుతాయి. దీనికి తరచుగా చెప్పే ఉదాహరణ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. 1999 సెప్టెంబరులో అంగారకుని చేరుతూ ఆ నౌక నాశనమైంది. ఇంజన్ల తోపుడుకు సంబంధించిన లెక్కలను ఒక బృందం పౌండ్లలో ఇవ్వగా, రెండవ బృందం వాటిని న్యూటన్లుగా తీసుకొన్నది. రెండు బృందాలలోను నిపుణులే ఉన్నారు. ఎవరి కొలమానం వారికి సహజంగా తోచింది.

ప్రారంభ సమావేశం ఇటువంటి చెప్పని విషయాలను నోటితో చెప్పించి, కాగితం మీద రాయించే సందర్భం. అందువలన ఈ సమావేశంలో "ఇది అందరికీ తెలిసిందే కదా" అన్న మాట వినిపిస్తే, నిర్వాహకుడు ఆ విషయాన్ని తప్పక వివరంగా చెప్పించాలి.

సమావేశానికి ముందు

సమావేశం విజయం చాలావరకు దానికి ముందు జరిగే తయారీ మీద ఆధారపడి ఉంటుంది. నిర్వాహకుడు ముఖ్యులను ఒక్కొక్కరిగా ముందే కలిసి, వారి అనుమానాలను తెలుసుకోవడం మంచిది. పదిమందిలో చెప్పలేని మాటను మనుషులు విడిగా చెబుతారు. చిన్న ఉద్యోగులు పై అధికారి ఎదుట నోరు విప్పని కార్యాలయాలలో ఇది మరీ అవసరం.

పిలవవలసినవారి జాబితాను హోదాను బట్టి కాక ప్రశ్నలను బట్టి తయారు చేయాలి. ముందుగా పనికి సంబంధించిన ప్రశ్నలు రాసుకొని, ఒక్కొక్క దానికి ఎవరు జవాబు చెప్పగలరో ఎదురుగా రాస్తే జాబితా దానంతట అదే వస్తుంది. రూపొందిన దానిని రేపు వాడేవారు, శుభ్రం చేసేవారు, మరమ్మతు చేసేవారు అందులో లేకపోతే జాబితా పూర్తి కానట్లే. మరోవైపు, గౌరవార్థం పిలిచినవారు ఎక్కువైతే సమావేశం సభగా మారుతుంది. నిర్ణయాలు తీసుకోవలసిన చోట పది, పన్నెండు మందికి మించకపోవడం మేలు. మిగిలిన వారికి విడిగా సమాచారం ఇవ్వవచ్చు.

చేతిలో ఉన్న సమాచారాన్ని రెండు మూడు పేజీలకు కుదించి, కనీసం వారం ముందు అందరికీ పంపాలి. అందులో నిర్ధారణ అయిన విషయాలను ఒక వైపు, అంచనాలను మరొక వైపు చూపాలి. ప్రతి అంచనాకు అది ఎక్కడిది, ఏ సంవత్సరానిది అన్నది రాయాలి. అంచనాలకు వయసు ఉంటుంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని (2016 నుండి నిర్మల్ జిల్లా) కడెం ప్రాజెక్టు చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. నిర్మాణం సాగుతుండగానే 1958లో వచ్చిన వరదకు ఆ ఆనకట్ట దెబ్బతిన్నది. ఆ తరువాత గేట్లను పెంచగా వాటి సంఖ్య 18 అయింది. 2022 జూలైలో మళ్ళీ గేట్ల విడుదల సామర్థ్యాన్ని మించిన ప్రవాహం వచ్చింది. ఒక గేటు తెరుచుకోలేదు, ఆనకట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాల వారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. గరిష్ఠ వరద ఎంత అన్నది లెక్కించేవారు జలశాస్త్రజ్ఞులు. దానికి తగిన గేట్లు గీసేవారు వేరు. అర్ధరాత్రి వానలో ఆ గేటును ఎత్తేవారు మరొకరు. ముగ్గురి మాటా మొదటి రోజున ఒకే చోట వినిపించాలి.

తేదీ, స్థలం, భాష

ఇవి చిన్న విషయాలుగా కనిపించినా, ఎవరు రాగలరన్నది వీటిని బట్టే ఉంటుంది. ఉత్తర తెలంగాణ పల్లెలలో వానాకాలం విత్తనాలు పడే రోజులలోనో, పత్తి ఏరే రోజులలోనో సమావేశం పెడితే రైతులు, కూలీలు రారు. వారపు అంగడి రోజున పెడితే అంగడికి వచ్చినవారు వినగలరు, అమ్ముకొనేవారు మాత్రం రాలేరు. ఏజెన్సీ గ్రామాల నుండి రావలసినవారికి తిరుగు బస్సు వేళ కూడా చూసుకోవాలి. లేకపోతే ముఖ్యమైన చర్చ నడుస్తుండగా వారు లేచిపోవలసి వస్తుంది.

ఆదిలాబాద్ ప్రాంతంలో తెలుగుతో పాటు గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు. సమావేశం ఏ భాషలో జరుగుతుందో, అనువాదం ఎవరు చేస్తారో ముందే చెప్పాలి. రెండు భాషలలో నడిచే సమావేశానికి దాదాపు రెట్టింపు కాలం పడుతుందని లెక్కవేసుకోవాలి. అనువాదకుడు కూడా బృందంలో ఒకడే గాని మధ్యవర్తి కాడు. ముందుగా పంపే కాగితాలు ఆయనకూ అందాలి.

వేర్వేరు శాఖల అధికారులు ప్రజల దగ్గరకు వచ్చి ఒకే చోట కూర్చొనే సంప్రదాయం ఈ జిల్లాకు కొత్త కాదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మొదలయ్యే నాగోబా జాతర సందర్భంగా దర్బారు జరుగుతుంది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో మొదలుపెట్టిన ఈ దర్బారులో గిరిజన పెద్దలు తమ సమస్యలను అధికారుల ముందు పెడతారు. ఇది రూపకల్పన సమావేశం కాదు, విన్నపాల సభ. అయినా వినవలసినవారే కదలి రావడం, జనం ఎలాగూ కూడే రోజునే సమావేశం పెట్టడం అన్న రెండు అంశాలు ఎవరైనా గ్రహించదగినవి.

గుంజాల గోండి లిపి

గుంజాల ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గ్రామం. అక్కడ గోండి భాషలో, ప్రత్యేక లిపిలో రాసిన చేతిరాత ప్రతులు 2006లో వెలుగులోకి వచ్చాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసిన ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వీటిని అధ్యయనం చేసింది. ఆ ప్రతులు సుమారు 1750 ప్రాంతానివని అంచనా వేశారు. అప్పటికి ఆ లిపిని చదవగలిగినవారు గ్రామంలో కొద్దిమంది వృద్ధులు మాత్రమే. ఆ తరువాత లిపికి కంప్యూటర్ అక్షరాలు (ఫాంట్) రూపొందించడం, వాచకాలు అచ్చువేయడం, ఉట్నూరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ సహాయంతో బోధించడం జరిగాయి. పరిశోధకుడు అన్షుమన్ పాండే తయారు చేసిన ప్రతిపాదన ఆధారంగా 2018 జూన్‌లో యూనికోడ్ 11వ కూర్పులో ఈ లిపికి స్థానం దొరికింది.

ఒక లిపిని కంప్యూటర్‌కు ఎక్కించడం బహుళ విభాగ రూపకల్పనకు అచ్చమైన నమూనా. ఊరి పెద్దలకు చదవడం వచ్చు, కంప్యూటర్ రాదు. అక్షర శిల్పికి గీయడం వచ్చు, గోండి రాదు. భాషాశాస్త్రజ్ఞునికి ధ్వనులు తెలుసు, బడిలో పిల్లవాడు పలక మీద ఆ అక్షరాన్ని ఎలా దిద్దుతాడో తెలియకపోవచ్చు. సాఫ్ట్‌వేరు ఇంజనీరుకు సంకేత సంఖ్యలు తెలుసు, ప్రతిలోని ఫలానా గీత అక్షరంలో భాగమో, కలం జారిన గుర్తో చెప్పలేడు. ఇక్కడ ఏ సమావేశం ఎప్పుడు జరిగిందన్నది కాక, ఇటువంటి పనిలో మొదటి రోజునే బల్ల మీదకు రావలసిన ప్రశ్నలను చూద్దాం. ఇవన్నీ ఇప్పుడు యూనికోడ్‌లో కనిపించే రూపం నుండి తెలిసేవే.

మొదటిది పేరు. గోండి భాషకు ప్రత్యేక లిపి ఇది ఒక్కటే కాదు. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో మరొక లిపిని రూపొందించారు. దానిని 2017లో యూనికోడ్ 10వ కూర్పులో చేర్చారు. ఇవి కాక గోండిని దేవనాగరిలో, తెలుగు లిపిలో కూడా రాస్తారు. అందువలన ఉత్త "గోండి లిపి" అంటే దేనిని గురించి అన్న చిక్కు వస్తుంది. ప్రస్తుతం ఒకదానిని గుంజాల గోండి అని, రెండవ దానిని మసారాం గోండి అని పిలుస్తున్నారు. ఒక సంస్థ కార్యాలయంలో కూర్చొన్న ఉద్యోగికి ఇది శీర్షిక మాత్రమే. తమ ఊరి పేరు ప్రపంచ ప్రమాణంలో నిలిచిపోయే గ్రామస్థులకు అది వేరే విషయం.

రెండవది అక్షరాల వరుస. తెలుగువారు, హిందీవారు ఎవరైనా క, ఖ, గ, ఘ అని మొదలుపెడతారు. గుంజాల లిపిలో హల్లుల సంప్రదాయ వరుస య, వ, బ అని మొదలవుతుంది. పెద్దలను అడగకుండా పట్టిక తయారు చేస్తే ఏ ఇంజనీరైనా తనకు అలవాటైన వరుసనే పెడతాడు, అది తప్పని ఆయనకు తోచదు కూడా. యూనికోడ్ పట్టికలో సంప్రదాయ వరుసే ఉన్నది.

మూడవది అచ్చులు. తెలుగులో ఎ, ఏ అని రెండు, ఒ, ఓ అని రెండు ఉన్నాయి. గుంజాల లిపిలో ఆ జంటలకు ఒక్కొక్కటే అక్షరం. తెలుగు ఫాంటును చూసి దీనిని తయారు చేస్తే లేని అక్షరాలు వచ్చి చేరుతాయి. యూనికోడ్‌లో ఆ రెండు చోట్లా ఖాళీలు విడిచిపెట్టారు. సున్న, విసర్గ, ఓంకారం, పది అంకెలు కలిపి మొత్తం 63 గుర్తులు చేరాయి. సంయుక్తాక్షరాల సంగతి కూడా ఇటువంటిదే. మసారాం లిపిలో పొల్లుగా కనిపించే గుర్తుకు, అక్షరాలను కలిపే గుర్తుకు వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. గుంజాల లిపికి ఒకటే ఉన్నది. భాష ఒకటే కదా అని ఒక లిపి పద్ధతిని రెండవ దానికి అతికించడానికి వీలులేదు.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది, వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు. ఒకసారి చేర్చిన గుర్తు స్థానాన్ని గాని, పేరును గాని మార్చరాదన్నది యూనికోడ్ నియమం. దీని ఫలితం మన పొరుగు లిపిలోనే కనిపిస్తుంది. కన్నడంలో, ళకారానికి భిన్నమైన ఒక ప్రాచీన ద్రావిడాక్షరానికి పొరపాటున "ఫ" అన్న పేరు పడింది. తప్పని తేలినా ఆ పేరు అలాగే ఉన్నది; పక్కన సవరణ పేరు మాత్రం చేర్చారు. ఫాంటులో వంపు బాగాలేకపోతే వచ్చే ఏడాది సరిచేయవచ్చు, సంకేతంలో తప్పు శాశ్వతం. కనుక ఏ ప్రాజెక్టు ప్రారంభ సమావేశంలోనైనా నిర్ణయాలను "తరువాత మార్చుకోదగినవి", "మార్చలేనివి" అని రెండుగా విడదీయాలి. మొదటి రకానికి ఐదు నిమిషాలు చాలు. రెండవ రకానికి ఎంత సమయమైనా ఇవ్వవచ్చు, అవసరమైతే ఆ రోజు నిర్ణయించకుండా వాయిదా వేయవచ్చు.

ఇందులో కాలం ఒత్తిడి కూడా ఉన్నది. ప్రతిని చదివి అర్థం చెప్పగలిగినవారు వృద్ధులు. ఇటువంటి ప్రాజెక్టులో ఫాంటు తయారీ ఆరు నెలలు ఆలస్యమైతే నష్టం తక్కువ. పెద్దల చేత చదివించి నమోదు చేయించడం ఆలస్యమైతే ఆ నష్టం పూడదు. పనుల వరుసను నిర్ణయించేటప్పుడు ఏది సులభం అని కాక ఏది చేజారిపోతుంది అని అడగాలి.

సమావేశ క్రమం

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. ఒక మండల కేంద్రంలో వారపు అంగడికి కొత్త షెడ్లు రూపొందించాలి. పంచాయతీ కార్యదర్శి, ఇంజనీరు, నక్షా గీసేవారు, కూరగాయలు అమ్మే స్త్రీలలో ఇద్దరు, బట్టల వ్యాపారి, సఫాయి కార్మికుడు, విద్యుత్ లైన్‌మన్, తైబజారు వసూలు చేసే గుత్తేదారు వచ్చారు. సమావేశానికి రెండున్నర గంటలు ఉన్నాయి.

మొదటి పావుగంట పరిచయాలకు. పేరు, హోదాతో సరిపెట్టక, ప్రతి ఒక్కరూ "ఈ అంగడితో నాకు ఉన్న పని ఇది, ఇందులో నాకు తెలిసింది ఇది" అని చెప్పాలి. ఇందులోనే తెల్లవారుజామున నాలుగు గంటలకు వచ్చి చోటు పట్టుకొనేది ఎవరో, రాత్రి చెత్త ఎత్తేది ఎవరో తెలిసిపోతుంది. తరువాత ప్రాజెక్టు లక్ష్యాన్ని పెద్దవారు ఎవరో పది నిమిషాలలో చెప్పాలి. దానిని ఒక్క వాక్యంలో నల్లబల్ల మీద రాసి, అందరికీ అదే అర్థమైందో లేదో అడగాలి. "షెడ్లు కట్టడం" లక్ష్యం కాదు. "వానలోను, ఎండలోను సరుకు పాడుకాకుండా అమ్ముకోగలగడం" లక్ష్యం. మొదటి వాక్యం రాస్తే ఇంజనీరు ఒక్కడే మాట్లాడతాడు. రెండవది రాస్తే నీరు ఎటు పోతుంది, ఎండ ఏ వేళకు ఏ వైపు పడుతుంది, మూట దించుకొనే గద్దె ఎంత ఎత్తు ఉండాలి అన్నవి అమ్మేవారే చెబుతారు.

ఆ తరువాత ఒక గంట హద్దులకు, అంచనాలకు కేటాయించాలి. నిధులు ఎంత, అవి ఏ పద్దు కింద వచ్చాయి, ఏ తేదీలోగా ఖర్చు కావాలి, స్థలం ఎవరి పేరున ఉన్నది అన్నవి హద్దులు. ఇవి దాచి చర్చ జరిపితే అది కాలయాపనే. ఈ ప్రాజెక్టులో చేయనివి ఏవో కూడా స్పష్టంగా చెప్పాలి. మరుగుదొడ్లు ఇందులో ఉన్నాయా, లేవా? లేకపోతే ఆ మాట ఇప్పుడే చెప్పాలి. కూరగాయలు అమ్మే స్త్రీలు దానికి ఒప్పుకోకపోతే లక్ష్యమే మారవచ్చు. అలా మారడం సమావేశం చెడిపోవడం కాదు.

దీని తరువాత చేయదగిన అభ్యాసం ఒకటి ఉన్నది. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గేరీ క్లైన్ 2007లో ప్రచురించిన వ్యాసంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. ఏడాది గడిచింది, షెడ్లు కట్టారు, కాని ఎవరూ వాటిలో కూర్చోవడం లేదు అని అందరూ ఊహించుకోవాలి. అలా ఎందుకు జరిగిందో ఒక్కొక్కరూ విడిగా రాయాలి. రాయడం రానివారి మాట మరొకరు రాసిపెట్టాలి. "ఇది విఫలమవుతుందేమో" అనడానికి సంకోచించేవారు, విఫలమైందని ముందే ఒప్పుకొన్నప్పుడు కారణాలు ధారాళంగా చెబుతారు. షెడ్డు రోడ్డుకు దూరమైనందున కొనేవారు రావడం లేదు, రేకుల కింద వేడికి ఆకుకూరలు వాడిపోతున్నాయి, ముందు వరుస కోసం తగాదాలు వచ్చాయి వంటివి అలా వెలువడతాయి.

చివరి అరగంటలో బాధ్యతలు పంచుకోవాలి. ప్రతి పనికీ చేసేవారు, జవాబుదారీ వహించేవారు, సలహా అడగవలసినవారు, సమాచారం తెలపవలసినవారు అని నాలుగు గడుల పట్టిక గీస్తారు. ఇందులో జవాబుదారీ గడిలో ఒక్కరి పేరే ఉండాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరిదీ కాదన్నట్లే. ఈ పట్టిక గీస్తున్నప్పుడు ఏదో ఒక గడి ఖాళీగా మిగిలిందంటే ఆ మనిషి సమావేశానికి రాలేదని గుర్తు. ఎవరు, ఎప్పటిలోగా ఆయనను కలవాలో కూడా రాసుకోవాలి.

ఓటింగ్ యంత్రం అనుభవం

పైన చెప్పిన ఖాళీ గడి ఎంత ఖరీదైనదో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం చరిత్ర తెలుపుతుంది. ఎన్నికల సంఘం 1977లో ఈ ఆలోచన చేసి, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్)కు తయారీ పని అప్పగించింది. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టులో రాజకీయ పక్షాల ప్రతినిధులకు దానిని చూపించారు. తరువాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారీలో చేరింది. ఎన్నికల అధికారులు, ఇంజనీర్లు, పార్టీలు అందరూ చూసినదే. బ్యాటరీతో నడవడం వలన కరెంటు లేని పల్లెలలోను పనిచేస్తుంది. అధికారి ప్రతిసారీ తన వద్ద ఉన్న బటన్ నొక్కితేనే మరొక ఓటు పడుతుంది.

1982 మేలో కేరళలోని పరవూరు శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో ఈ యంత్రాన్ని మొదటిసారి వాడారు. ఫలితం మీద వ్యాజ్యం నడిచి, 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాలలో ఎన్నికను కొట్టివేసి మళ్ళీ పోలింగు జరపమన్నది. యంత్రంలో లోపం ఉన్నదని కాదు, అప్పటి చట్టంలో యంత్రంతో ఓటు వేయడానికి వీలు కల్పించే నిబంధన లేదని. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి 61ఏ అన్న విభాగం చేర్చారు. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ స్థానాలలో మళ్ళీ వాడకం మొదలైంది. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా వాడారు. 1982 నుండి 1998 వరకు 16 సంవత్సరాలు. చట్టం మారాలన్నది తెలియని విషయం కాదు. అది యంత్రం పని జరిగే వరుసలో ముందుకు రాలేదు.

ఇదే యంత్రం అంచనాల విషయంలోను ఒక పాఠం. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 బటన్లు ఉంటాయి. పాత నమూనాకు నాలుగు యూనిట్లు కలపవచ్చు, అంటే 64 మందికి మించితే కుదరదు. ఇది చాలా ఎక్కువని తోస్తుంది. కాని 1996లోనే నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేయగా బ్యాలెట్ పుస్తకంలా అచ్చువేయవలసి వచ్చింది. ఆ సమస్యను యంత్రంతో కాక చట్టంతో ఎదుర్కొన్నారు. లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు. అయినా 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో, గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోసం రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయగా అభ్యర్థులు 185 మంది అయ్యారు. పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన జగిత్యాల, కోరుట్ల కూడా ఈ స్థానంలోనివే. 384 వరకు పేర్లకు వీలున్న కొత్త నమూనా అప్పటికి రావడం వలన, నోటాతో కలిపి 186 బటన్ల కోసం ఒక్కొక్క పోలింగు కేంద్రంలో 12 యూనిట్లు వరుసగా పెట్టి పోలింగు జరిపారు. రూపొందించేవారు "ఇంతకు మించి రారు" అనుకొన్నచోట, వాడేవారికి మించడానికి బలమైన కారణం ఉండవచ్చు.

తరచుగా జరిగే లోపాలు

ప్రసంగాలతో కాలం గడిచిపోవడం మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే లోపం. వేదిక, శాలువాలు, దీపప్రజ్వలన ఉంటే అది ప్రారంభోత్సవమే అవుతుంది. అవి అవసరమైతే వేరే రోజున చేయడం మంచిది. కుర్చీలను వేదికకు ఎదురుగా కాక గుండ్రంగా వేస్తేనే సగం పని అవుతుంది.

పరిష్కారాన్ని ముందే గీసి తెచ్చి ఆమోదం అడగడం రెండవది. నక్షా గోడకు అంటించి ఉంటే దాని మీద రంగు గురించి మాట్లాడతారు గాని, అది అవసరమా అని ఎవరూ అడగరు. అలాగే అందరి మౌనాన్ని అంగీకారంగా రాసుకోవడం కూడా పొరపాటే. ముఖ్యమైన నిర్ణయం వద్ద ఒక్కొక్కరినీ పేరుతో అడగాలి. పెద్ద అధికారిని చివర అడగాలి. మొదట ఆయనే చెబితే మిగిలినవారు ఆ మాటకే వంత పాడతారు.

సమావేశం తరువాత

చర్చించిన విషయాలను 24 గంటలలోగా ఒకటి రెండు పేజీలుగా రాసి అందరికీ పంపాలి. నిర్ణయాలు, నిర్ణయం కానివి, వాటికి బాధ్యులు, తేదీలు అన్నవి చాలు. ఎవరు ఏమన్నారో అంతా రాయనవసరం లేదు. చదవలేనివారికి చదివి వినిపించాలి. భిన్నాభిప్రాయం ఉన్నవారి పేరు, వారి కారణం తప్పక నమోదు కావాలి. పని చెడినప్పుడు మొదట వెదికేది ఆ వాక్యం కోసమే.

రాలేకపోయినవారిని వారంలోగా కలిసి వారి సమాధానాలు తీసుకోవాలి. రాసుకొన్న అంచనాలను మూడు నాలుగు వారాల తరువాత మరొకసారి చిన్న సమావేశంలో సరిచూసుకోవాలి. అప్పటికి వాటిలో కొన్ని తప్పని తేలుతాయి, వాటిని కొట్టివేసి కొత్తవి రాసి, పక్కన తేదీ వేయాలి.